దూరము – ప్రయాణకాలము

పూర్వము పల్లెలలో దూరమును మైళ్లతోడను కిలోమీటర్లతోడను చెప్పెడివారు కారు. “ఆ యూరు ఎంత దూరము?” అని బాటసారి అడిగినచో, “ఒక పూట నడక” అనియో, “కోడి కూయగానే బండి కట్టినచో పొద్దు క్రుంకువేళకు చేరవచ్చును” అనియో బదులు వచ్చెడిది. క్రోసు, ఆమడ అను కొలతలు వాడుకలో లేకపోలేదు. కాని బాటసారికి కావలసినది ఆ లెక్క కాదు. చీకటి పడులోపల ఏ మజిలీ చేరగలడో అదియే అతనికి ముఖ్యము. మనిషి నడక యెంత వేగమో, ఎద్దుబండి యెంత వేగమో ఎల్లవారికిని తెలియును. కావున కాలము చెప్పినచో దూరము చెప్పినట్లే యుండెడిది.

రైలుబండియు, మోటారుబండియు, విమానమును వచ్చిన పిదప దూరమును కాలమును వేరుపడినవి. సమాన దూరమున నున్న రెండు ఊళ్లలో ఒకటి గంటలో చేరదగినది, మరియొకటి సగము దినము పట్టునది కావచ్చును. అందుచేత నేడు “ఎంత దూరము?” అను ప్రశ్న వేరు, “ఎంత సేపు?” అను ప్రశ్న వేరు. ఈ రెంటికిని గల సంబంధమును గోరంట్ల వంటి ఊరినుండి చూచినచో చక్కగా తెలిసికొనవచ్చును.

గోరంట్ల చిత్రావతీ నదీతీరమున నున్నది. మాధవరాయస్వామి ఆలయము వలన ఈ ఊరు పేరుగాంచినది. పూర్వము అనంతపురము జిల్లాలోనిదైన గోరంట్ల, 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. దీనికి వాయవ్యమున పెనుకొండ, నైరుతి దిక్కున హిందూపురము, ఉత్తరమున ధర్మవరము గలవు. ఈ మూడు పట్టణములును రైలుమార్గముపై నున్నవి. గోరంట్లకు రైలుమార్గము లేదు. ధర్మవరములో నేసిన పట్టుచీర రైలుబండి యెక్కి నేరుగా బెంగుళూరు చేరగలదు. గోరంట్లవాడు రైలెక్కవలెనన్న ముందుగా బస్సులో స్టేషనున్న ఊరికి పోవలెను. ఇనుపపట్టాలు పడినందువలన ఊళ్ల నడిమి నేల కుంచించుకొని పోలేదు. తగ్గినది కాలమే. అదియైనను పట్టాలను ఆనుకొనియున్న ఊళ్లకే తగ్గినది.

మొదట దూరమును కొలుచు విధమును తెలిసికొందము. రెండు ఊళ్లకు రెండు దూరము లుండును. కొండలను చుట్టి, వాగులను దాటి, మలుపులు తిరిగి పోవు బాట పొడవు ఒకటి. పక్షి యెగిరిపోయినట్లు తిన్నగా కొలిచిన పొడవు మరియొకటి. విమానమునకు ఈ రెండవది ప్రధానము. దీనిని కనుగొనుటకు ఊళ్ల అక్షాంశ రేఖాంశములు తెలిసిన చాలును. మన దేశములో ఊళ్ల స్థానములను ఖచ్చితముగా నిర్ణయించుటకు విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి 1802వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఒక ఆధారరేఖను కొలుచుటకు ప్రారంభించెను. ఆ రేఖపై త్రిభుజము, దానిపై మరియొక త్రిభుజముగా కొండశిఖరములను కలుపుచు అతడును, అతని తరువాతివారును హిమాలయముల వరకు కొలత సాగించిరి. నేడు ఆ పనిని ఆకాశమున తిరుగు ఉపగ్రహములు క్షణములో చేయుచున్నవి.

అక్షాంశములో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీలో అరువదవ వంతును నిమిషమందురు. ఇది గడియారపు నిమిషము కాదు. గోరంట్ల సుమారు 13 డిగ్రీల 59 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 77 డిగ్రీల 46 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నది. పెనుకొండ సుమారు 14 డిగ్రీల 5 నిమిషముల అక్షాంశమున, 77 డిగ్రీల 35 నిమిషముల రేఖాంశమున నున్నది. అక్షాంశములలో భేదము 6 నిమిషములు. అనగా ఉత్తరముగా 11 కిలోమీటర్లు. రేఖాంశములలో భేదము 11 నిమిషములు. ఈ ప్రాంతమున రేఖాంశపు డిగ్రీ సుమారు 108 కిలోమీటర్లు గనుక, ఇది పడమరగా 20 కిలోమీటర్లగును. ఈ రెండును లంబకోణ త్రిభుజములోని రెండు భుజములు. 11 యొక్క వర్గము 121, 20 యొక్క వర్గము 400, మొత్తము 521. దీని వర్గమూలము సుమారు 23. కాబట్టి గోరంట్లనుండి పెనుకొండకు తిన్నని దూరము సుమారు 23 కిలోమీటర్లు. గణితపాఠమున నేర్చిన కర్ణసూత్రము ఇచ్చట పనికివచ్చినది.

ఈ లెక్కనే దూరదేశమునకును అన్వయింపవచ్చును. ఐరోపాలో లండను, పారిస్ అను రెండు మహానగరములు గలవు. వీని నడుమ ఇంగ్లీషు ఛానెల్ అను సముద్రభాగ మున్నది. అక్షాంశములలో భేదము 2 డిగ్రీల 39 నిమిషములు. అనగా సుమారు 294 కిలోమీటర్లు. రేఖాంశములలో భేదము 2 డిగ్రీల 29 నిమిషములు. ఇచ్చట ఒక జాగ్రత్త వహింపవలెను. రేఖాంశములు భూమధ్యరేఖ వద్ద మిక్కిలి యెడముగా నుండి, ధ్రువములకు పోనుపోను దగ్గరపడి, తుదకు ధ్రువమున ఒక్కచోట కలియును. గోరంట్ల వద్ద 108 కిలోమీటర్లుగా నున్న డిగ్రీ, ఆ నగరముల ప్రాంతమున సుమారు 71 కిలోమీటర్లే యగును. కావున తూర్పు పడమరల భేదము 176 కిలోమీటర్లు. కర్ణసూత్రముచే లెక్కించినచో తిన్నని దూరము సుమారు 343 కిలోమీటర్లని తేలును.

జెట్ విమానము ఆకాశమున గంటకు 800 కిలోమీటర్ల వేగముతో పోగలదు. ఈ లెక్కన లండనునుండి పారిస్ చేరుటకు 26 నిమిషములు చాలవలెను. కాని విమానముల కాలపట్టికలో గంటకు పైగా కాలము వ్రాయబడియుండును. పట్టికలోని కాలము విమానము నిలుకడనుండి కదలిన క్షణమునుండి మరియొక విమానాశ్రయమున నిలుకడకు వచ్చు క్షణము వరకు లెక్కింపబడును. విమానము మొదట నేలపై మెల్లగా ప్రాకి పరుగుబాటను చేరవలెను. ముందు వేరే విమానములున్నచో తన వంతు వచ్చు వరకు నిలువవలెను. పైకెక్కునప్పుడును, దిగునప్పుడును పూర్ణవేగము నుండదు. దిగవలసిన చోట రద్దీ యున్నచో ఆకాశముననే చుట్లు తిరుగవలసి యుండును. ప్రయాణము ఎంత చిన్నదైన, ఈ మొదటి చివరి కాలముల భాగ మంత పెద్దది.

ఈ రెండు నగరముల నడుమ నిత్య విమానసేవ 1919వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన ప్రారంభమైనది. ఆనాడు లండను సమీపమునందలి హౌన్‌స్లోనుండి బయలుదేరిన చిన్న విమానమున ఒకే యొక ప్రయాణికు డుండెను. అతనితోపాటు వార్తాపత్రికలు, తోలు, మీగడ, వేటపక్షులు మున్నగు సరకులు పోయినవి. అది పారిస్ చేరుటకు సుమారు రెండున్నర గంటలు పట్టినది. నూరేండ్లలో విమానముల వేగము అనేకరెట్లు పెరిగినను, ఈ ప్రయాణకాలము సగమునకు మాత్రమే తగ్గినది. మిగిలిన కాలము ఆకాశములో లేదు, నేలపై నున్నది.

మన దేశమున విమానపు తపాలా చరిత్రలో రాయలసీమ పొరుగుననున్న బళ్లారికి స్థానము గలదు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా ఒక చిన్న విమానమును స్వయముగా నడుపుచు కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చెను. అచ్చటనుండి ఆ తపాలాను నెవిల్ విన్‌సెంట్ అను వైమానికుడు బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. తెలుగునాట 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ హైదరాబాదు సంస్థానమున ఏర్పడి, బేగంపేట విమానాశ్రయమునుండి విమానములను నడిపెను. 1953లో విమానసంస్థలు జాతీయము చేయబడినపుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనది. 2008వ సంవత్సరమున హైదరాబాదునకు శంషాబాదులోను, బెంగుళూరునకు దేవనహళ్లి వద్దను క్రొత్త విమానాశ్రయములు తెరవబడినవి.

ప్రయాణకాలమును లెక్కించువాడు గడియారమును కూడ నమ్మరాదు. పారిస్ గడియారము లండను గడియారముకంటె ఒక గంట ముందుండును. లండనులో పది గంటలకు బయలుదేరి, గంటం బావు కాలము ప్రయాణము చేసినవాడు పారిస్‌లో దిగునప్పటికి అచ్చటి గడియారమున పండ్రెండుంబావు అగును. వెంటనే తిరుగు ప్రయాణము చేసినచో, బయలుదేరిన వేళకును దిగిన వేళకును పావుగంటయే భేదము కనబడును. రాయలసీమనుండి పలువురు ఉపాధికై గల్ఫు దేశములకు పోవుచున్నారు. దుబాయి గడియారము మన గడియారముకంటె గంటన్నర వెనుక నుండును. బెంగుళూరులో ఉదయము పది గంటలకు విమానమెక్కినవాడు నాలుగు గంటలు ప్రయాణించి, దుబాయి కాలము ప్రకారము పండ్రెండున్నరకు దిగును. ఇంటివద్ద వాని క్షేమవార్తకై ఎదురుచూచు తల్లికి అప్పుడు మధ్యాహ్నము రెండు గంటలు. ఈ భేదము తెలియనిచో రెండున్నర గంటలకే చేరినాడని భ్రమపడవచ్చును.

గాలియును కాలమును మార్చును. ఉత్తరార్ధగోళమున మధ్య అక్షాంశములలో విమానములు పోవు ఎత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. న్యూయార్కునుండి లండనునకు పోవు విమానమును ఈ గాలి వెనుకనుండి త్రోయును. మరలి వచ్చుదానికి ఎదురు నిలుచును. 2020వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక తుపాను వేళ ఇట్టి గాలి సాయముచే న్యూయార్కునుండి లండనునకు ఒక విమానము 4 గంటల 56 నిమిషములలో చేరెను. సాధారణముగా ఆ ప్రయాణమునకు ఆరు గంటలకు మించి కాలము పట్టును. భూమి తిరుగుచున్నందున విమానము క్రింది ఊరు ఎదురుగా వచ్చునని కొందరు తలంతురు. అది సరి కాదు. భూమితోపాటు దాని వాయుమండలమును, అందలి విమానమును తిరుగుచునే యున్నవి.

మిక్కిలి దూరప్రయాణములకు పైన చెప్పిన కర్ణసూత్రము చాలదు. భూమి గుండ్రనిది గదా! గోడకు వ్రేలాడు పటముపై గీచిన తిన్నని గీత భూగోళముపై దగ్గరి దారి కాదు. గోళముపై రెండు ఊళ్లకు దారము బిగువుగా పట్టినచో ఆ దారము చూపునదే దగ్గరి దారి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు ఇట్లు దారము పట్టినచో అది ఉత్తరధ్రువ సమీపమునకు పోవును. ఆ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. 2021వ సంవత్సరము జనవరి 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానము ఉత్తరధ్రువము మీదుగా పయనించి 11వ తేదీన బెంగుళూరున దిగినది. సుమారు పదునేడు గంటలు పట్టిన ఆ ప్రయాణమున విమానమును నడిపినవారందరును స్త్రీలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వము వహించగా, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరె, శివానీ మన్హాస్ ఆమెకు సహచరులైరి. తేదీలు రెండు మారినను ప్రయాణము ఒక దినమైనను పట్టలేదు.

ఇక మరల గోరంట్లకు వత్తము. బెంగుళూరు విమానాశ్రయమునుండి శంషాబాదు విమానాశ్రయమునకు తిన్నగా కొలిచినచో సుమారు 455 కిలోమీటర్లగును. పటముపై ఈ రెండింటిని గీతతో కలిపినచో, ఆ గీత గోరంట్లకు తూర్పుగా ఎనిమిది కిలోమీటర్ల దూరమున పోవును. గాలినిబట్టియు, రాకపోకల నియంత్రణనుబట్టియు విమానము దారి కొంత మారుచుండును. అయినను బెంగుళూరున పైకి లేచిన విమానము సుమారు పది నిమిషములలో ఈ ప్రాంతపు ఆకాశమును చేరగలదు. హైదరాబాదు ప్రయాణమునకు పట్టికలోని కాలము గంటకు కొంచె మెక్కువ.

ఆ ఆకాశము క్రింద నున్న గోరంట్లవాసికి మాత్రము హైదరాబాదు గంట దూరమున లేదు. అతని ఊరినుండి హైదరాబాదునకు తిన్నని దూరము సుమారు 385 కిలోమీటర్లు. విమానమెక్కవలెనన్న అతడు ఉత్తరమునకు పోవుటకై ముందుగా దక్షిణమునకు పోవలెను. బెంగుళూరు విమానాశ్రయము తిన్నగానే 87 కిలోమీటర్లు. బాటను అంతకంటె ఎక్కువ. ఆ ప్రయాణమునకు సుమారు రెండు గంటలు. తనిఖీలకై విమానపు వేళకు రెండు గంటల ముందుగా చేరియుండుట మంచిది. విమానములో గంటం బావు. శంషాబాదులో సామాను తీసికొని నగరములోనికి పోవుటకు గంటన్నర. మొత్తము ఆరుముప్పావు గంటలు. జాతీయ రహదారి వెంట కారులో నేరుగా పోయినచో సుమారు ఏడెనిమిది గంటలలో చేరవచ్చును. ఆకాశమున రెక్కలు కట్టుకొని పోయినను మిగిలినది పావుగంటనుండి గంటంబావు వరకు మాత్రమే.

లండను, పారిస్ నగరములవారు ఈ లెక్కను ఎన్నడో గ్రహించిరి. 1994లో ఇంగ్లీషు ఛానెల్ క్రింద సుమారు 50 కిలోమీటర్ల సొరంగము తెరవబడి, ఆ యేడు నవంబరునుండి రెండు నగరముల నడుమ రైళ్లు నడువసాగినవి. 2007లో లండను వరకు వేగపు పట్టాలు పూర్తి యైనవి. ఆ మార్గమున మిక్కిలి వేగముగా పోవు రైలునకు పట్టుకాలము 2 గంటల 16 నిమిషములు. విమానముకంటె రైలు గంట ఆలస్యమని పట్టిక చెప్పును. కాని రైలు నగరమధ్యమున బయలుదేరి నగరమధ్యమున ఆగును. విమానాశ్రయములు ఊరికి దూరముగా నుండును. ఇంటి గడపనుండి గమ్యపు గడప వరకు లెక్కించి చూచి, అనేకులు రైలునే ఎన్నుకొనుచున్నారు.

పుట్టపర్తిలో 1990లో ఒక విమానాశ్రయము ప్రారంభమైనది. గోరంట్లకు అది తిన్నగా సుమారు 20 కిలోమీటర్ల దూరమే. కాని పరుగుబాట దగ్గర నున్నంత మాత్రమున ప్రయాణము దగ్గర కాదు. ఆ విమానాశ్రయము ప్రధానముగా ప్రత్యేక విమానములకే ఉపయోగపడినది. వేళ తప్పక నడుచు వాహనమును, సామాన్యుడు చెల్లింపగల వెలయును ఉన్నప్పుడే మార్గము మార్గమగును.

ఈ లెక్క కేవలము విద్యార్థుల బుద్ధికి పరీక్ష కాదు. పొలమున గుండెనొప్పి వచ్చి కూలిన రైతునకు ఇది ప్రాణముల లెక్క. అతనికి ఆసుపత్రి ఇన్ని కిలోమీటర్లని చెప్పిన ప్రయోజన మేమి? బండి రావలసిన కాలము, పొలముగట్టునుండి తారురోడ్డు వరకు మోయవలసిన కాలము, వాగు పొంగినచో చుట్టుతిరిగి పోవు కాలము, ఇవన్నియు కలిసినదే అతనికి దూరము. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 వాహనసేవ ఆసుపత్రులను ఊళ్లకు దగ్గరగా జరుపలేదు, కాలమును తగ్గించినది. వాగుపై కట్టిన చిన్న వంతెనయు అట్టిదే. ఆ వంతెన మీద మిగిలిన ఇరువది నిమిషములు ఆకాశమున మిగిలిన గంటకంటె ఒక్కొక్కప్పుడు విలువైనవి.

కావున రెండు ఊళ్ల నడిమి దూరమును తెలిసికొన గోరువాడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. తిన్నగా ఎంత? బాట వెంట ఎంత? వాహనమున ఎంత సేపు? గడపనుండి గడపకు ఎంత సేపు? మొదటి మూటికిని పటములును పట్టికలును సమాధానము చెప్పును. నాల్గవదానికి సమాధానము ఆ యూరివాడే చెప్పగలడు. “ఒక పూట నడక” అని చెప్పిన పూర్వుల మాటలో ఈ నాల్గవ లెక్కయే యిమిడియున్నది.

అభ్యాసము

1. పూర్వము కాలము చెప్పినచో దూరము చెప్పినట్లే యగుటకు కారణమేమి?
2. హిందూపురము సుమారు 13 డిగ్రీల 50 నిమిషముల అక్షాంశమున, 77 డిగ్రీల 29 నిమిషముల రేఖాంశమున నున్నది. గోరంట్లనుండి దానికి తిన్నని దూరమును లెక్కింపుము.
3. విమానపు కాలపట్టికలోని కాలము, వేగమునుబట్టి లెక్కించిన కాలముకంటె ఎక్కువగా నుండుటకు కారణములను వ్రాయుము.
4. మీ యింటినుండి సమీపమునందలి పెద్ద ఆసుపత్రికి గడపనుండి గడపకు పట్టు కాలమును పెద్దల నడిగి తెలిసికొని, దానిని తగ్గించు ఉపాయములను పది వాక్యములలో వ్రాయుము.